మోటర్ బంద్

ఏప్రిల్ 2, 2025, బుధవారం

ఇవాళ చూసిన ట్యుటోరియల్‌లో "జస్ట్" అనే మాట ముప్పై ఒక్కసారి వచ్చింది. కూర్చుని లెక్కపెట్టాను. జస్ట్ ఈ వైరు ఇక్కడ పెట్టండి, జస్ట్ ఈ ఫైలు ఎక్కించండి, జస్ట్ ఆన్ చేయండి. తెల్లటి బల్ల, తెల్లటి గోడ, చప్పుడు చేయని ఫ్యాను, గోళ్ల కింద మట్టి లేని చేతులు. ఆ చేతులకు ఎన్నడూ షాక్ కొట్టి ఉండదు.

కానీ నేను ఒకటి కనిపెట్టాను. పద్నాలుగో నిమిషంలో వీడియో ఒక్క క్షణం కట్ అవుతుంది. అంతకుముందు నీలంగా ఉన్న వైరు ఆ తర్వాత పసుపు రంగులో ఉంది. అంటే మధ్యలో ఏదో తగలబడింది, అతను మళ్లీ మొదటినుంచి కట్టుకున్నాడు. ఆ సంగతి మాత్రం చెప్పడు. నాకు కావాల్సింది ఆ సంగతే. నేను వైర్లు కట్టుకుంటున్న చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు సరిగ్గా అక్కడే మొండికేసింది. మూడు గంటలు పోయాయి.

ఉద్యోగం పోయి ఇవాళ్టికి నలభై రోజులు. అమ్మకు, నాయనకు వర్క్ ఫ్రమ్ హోమ్ అని చెప్పి హైదరాబాద్ నుంచి వచ్చేశాను. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఇంట్లోనే ఉన్నాను, పనీ చేస్తున్నాను. జీతం రావడం లేదు, అంతే. జస్ట్.

ఏప్రిల్ 4, శుక్రవారం

నాయన ఇవాళ కూడా అన్నం సగంలో వదిలి లేచాడు. "మోటరు పెట్టొచ్చిన, బోరుల నీళ్లున్నయో లేవో" అంటూ చెయ్యి కడుక్కోకుండానే పోయాడు.

ఊళ్లో ఆయన్ని నీళ్ల సామ్యూల్ అంటారు. పంచాయతీ బోరు మోటరు వేయడం, ఆపడం, పైపు పగిలితే అతకడం, మురుగు మోరీలు తీయడం, అన్నీ ఆయనే. పదహారేళ్లు పుణేలో, ముంబైలో లేబర్ క్యాంపుల్లో బతికి, మోకాలు చెడగొట్టుకుని వచ్చాక దొరికిన పని ఇది. ఇది పోతే మళ్లీ ఆ క్యాంపులే, ఆ మోకాలితోనే.

ఎండాకాలం మా బోరు గంట పోస్తే గంట ఎండుతుంది. నీళ్లు లేకుండా మోటరు ఉత్తగా తిరిగితే లోపల కాలిపోతుంది. అది మూడు వందల అడుగుల కింద ఉంటుంది కాబట్టి పైన నిలబడ్డవాళ్లకు ఏమీ వినబడదు. ఉత్తగా తిరిగే మోటరు తక్కువ కరెంటు తింటుంది. ఆ తేడా పట్టుకుని గట్టిగా చెప్పే చిన్న బోర్డు ఒకటి పెడితే నాయన కడుపునిండా తిని లేవొచ్చు. ఇప్పుడు నేను చేస్తున్న పని ఇదే. ఎవరూ ఇవ్వలేదు, నాకు నేనే ఇచ్చుకున్నాను.

ఏప్రిల్ 6, ఆదివారం

ఈ బోర్డును నిద్రపుచ్చితే చిన్న బ్యాటరీ మీద రెండేళ్లు బతుకుతుందని ట్యుటోరియల్‌లో చెప్పాడు. నాది మూడు రోజులకే చచ్చింది. చర్చికి కూడా పోకుండా మీటరు పట్టుకుని కూర్చున్నాను. అమ్మ తలుపు దగ్గర నిలబడి నన్ను తిట్టి, నా కోసం కూడా ప్రార్థన చేస్తానని చెప్పి వెళ్లింది.

దొంగ దొరికాడు. బోర్డు నిద్రపోయినా, గింజంత ఎర్ర లైటు ఒకటి వెలుగుతూనే ఉంది. దాని పక్కనున్న ఇంకో చిప్పు కూడా ఊరికే మేలుకుని ఉంది. బ్యాటరీ మొత్తం ఈ రెండూ కలిసి తాగేశాయి. బ్లేడుతో రెండింటినీ గీకి పారేశాను. ట్యుటోరియల్‌లో ఇది లేదు. ఆ తెల్లటి బల్ల దగ్గర గోడకు ప్లగ్ ఉంది, అతనికి ఏం బాధ? మా బోరు గదిలో మోటరు వైరు తప్ప ప్లగ్ లేదు.

నాకు ఈ బోర్డులంటే ఎందుకిష్టమో ఇవాళ తెలిసింది. ఆఫీసులో మా ప్రోగ్రాము ఒకటి నడవడానికి గదుల నిండా మిషన్లు ఉండేవి, వాటిని చల్లబరచడానికి ఇంకో గది. ఇది వేలెడంత కూడా లేదు. మూడు నిమిషాలకోసారి లేస్తుంది, చూస్తుంది, చెప్పాల్సింది ఉంటే చెబుతుంది, లేకపోతే పడుకుంటుంది. పని లేనప్పుడు పని ఉన్నట్టు నటించదు.

ఏప్రిల్ 7, సోమవారం

కంపెనీ నుంచి మెయిల్ రాలేదు. నేనేమీ ఎదురుచూడటం లేదు. ఊరికే రాసి పెట్టుకుంటున్నాను.

ఏప్రిల్ 9, బుధవారం

పంచాయతీ సెక్రటరీ నరేందర్ సార్ ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడని కూడా కాదు, వద్దనలేదు. "స్టార్టర్ జోలికి పోవద్దు. నీ డబ్బ చెప్తే చెప్పనీ, మోటరును మాత్రం ముట్టుకోవద్దు" అన్నాడు. సరే. ఆపే పని మనిషిది, చెప్పే పని డబ్బాది. చెప్పడంలో మాత్రం నన్నెవరూ పట్టుకోలేరు.

బోర్డు నిద్రలో ఏమీ తినదు, మాట్లాడేటప్పుడే తింటుంది. మాట ఎంత పొడుగైతే బ్యాటరీ అంత తొందరగా అయిపోతుంది. ట్యుటోరియల్‌లో కూడా అదే చెప్పాడు: రెండు మాటలకు మించి పెట్టొద్దు. నేను మొదట "మోటర్ బంద్ చెయ్యి" అని నా గొంతుతోనే రికార్డు చేశాను. తర్వాత కూర్చుని లెక్క వేశాను. ఈ ఎండల్లో రోజుకు ఐదారుసార్లు మొత్తుకుంటుందనుకుంటే, ఆ చివరి "చెయ్యి" తీసేస్తే బ్యాటరీ పద్దెనిమిది రోజులు ఎక్కువ వస్తుంది. ఒక్క మాటకు పద్దెనిమిది రోజులు! తీసేశాను. వనపర్తిలో పాలిటెక్నిక్ చదివేటప్పుడు మొదటి ప్రోగ్రాము నడిచిన రోజున ఎంత ఆనందపడ్డానో, ఇవాళ అంత ఆనందపడ్డాను.

ఏప్రిల్ 12, శనివారం

పెట్టేశాం. కంపెనీ వాళ్లు దీపావళికి ఇచ్చిన టిఫిన్ డబ్బాలో బోర్డును కూర్చోబెట్టి, బోరు గది గోడకు కట్టాను. గది పైన ఐస్‌క్రీం బండివాళ్లు వాడే చిన్న మైకు. మొదటిసారి అది కూయగానే నలుగురు పిల్లలు గిన్నెలు పట్టుకుని వచ్చారు.

నాయన్ని చర్చి దాకా పంపించి, నేను ఇక్కడ బోరు ఎండినట్టు డబ్బాను నమ్మించాను. "మోటర్ బంద్. మోటర్ బంద్" అని నా గొంతు కాలనీ అంతా వినబడింది. నాయన కుంటుకుంటూ వచ్చి స్టార్టర్ ఆపాడు. మూడుసార్లు చేశాం. మూడుసార్లూ పాస్.

"మంచిగున్నది ఎస్తేరూ" అన్నాడు. డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. "గీ మూత మీద నల్ల టేపేంది?"

"వాన పడితే తడవకుండ" అన్నాను. ఆ టేపు కింద కంపెనీ పేరుంది.

ఏప్రిల్ 16, బుధవారం

మోటరు కాలిపోయింది.

ఏప్రిల్ 17, గురువారం

నా కోడ్‌లో తప్పు లేదు.

డబ్బా తెచ్చి అందులోని రికార్డు అంతా చూశాను. నిన్న పొద్దున 10:42కి బోరు ఎండింది. 10:42కే డబ్బా మొత్తుకుంది. ఆ తర్వాత మూడు నిమిషాలకోసారి, మొత్తం పదిహేడు సార్లు. పదిహేడు! ఆ తర్వాత మోటరు చచ్చిపోయింది.

ఆ సమయానికి నాయన బడి దగ్గర పగిలిన పైపు అతుకుతున్నాడు. అంత దూరం మైకు వినబడదు. అందుకే పోయేముందు ధనలక్ష్మి అక్కకు చెప్పాడు, "డబ్బ మొత్తుకుంటే జర సూడమ్మా" అని. ఆమె ఇల్లు బోరు గదికి ఎదురుగా ఉంటుంది. రోజంతా అరుగు మీద కుట్టు మిషన్ ముందే కూర్చుంటుంది. స్టార్టర్ ఆపడం ఆమెకు వచ్చు, ఇంతకుముందు ఎన్నోసార్లు ఆపింది. లేచి పదడుగులు వేయడానికి బద్ధకించినట్టుంది. మనుషులు వినకపోతే డబ్బా ఏం చేస్తుంది? నేనేం చేస్తాను?

నా కోడ్‌లో తప్పు లేదు. రెండుసార్లు చూసుకున్నాను.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

చర్చిలో మూడు గంటలు.

బయటికి వచ్చేసరికి వాటర్ ట్యాంకర్ వచ్చి ఉంది. బిందెల వరుస మలుపు దాటింది. వరుసలో అమ్మ కూడా నిలబడింది. "సాఫ్ట్‌వేర్ బిడ్డ డబ్బ వెట్టింది, మన నోట్ల మన్నువడ్డది" అని ఎవరో అన్నారు. అమ్మ తల తిప్పలేదు.

నరేందర్ సార్ ఇంటికి వచ్చి చెప్పి పోయాడు. 28న పంచాయతీ దగ్గర అందరినీ పిలుస్తాడట. డ్యూటీలో ఉండాల్సిన మనిషి పరాయివాళ్లకు అప్పజెప్పి పోయాడు కాబట్టి మోటరు కాలిందని రాస్తాడట. నాయన పని వేరేవాళ్లకు ఇస్తారని ఆయన నోటితో అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది.

ఏప్రిల్ 19, శనివారం

కాలిన మోటరును ఆటోలో వేసుకుని నేను, నాయన గద్వాల పోయాం. గోవిందు అన్న దుకాణం ముందు అప్పటికే తొమ్మిది మోటర్లు పడుకుని ఉన్నాయి. ఎండాకాలం ఆయనకు తల ఎత్తే తీరిక ఉండదు. కాలిన చుట్లు కోసి పారేసి, కొత్త రాగి తీగ చుట్టి మోటర్లను మళ్లీ నడిపిస్తాడు. మాది విప్పి, లోపలి నుంచి మాడిపోయిన నల్లటి రాగి చుట్ట ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. ఇంకా వాసన వస్తోంది.

నేను జరిగింది మొత్తం చెప్పాను. పదిహేడు సార్లు అని గట్టిగా చెప్పాను. ఆయన పని ఆపకుండా విన్నాడు.

"ఆడ ఎవ్వరు లేకుండెనా?"

"ఉండిరి అన్నా. విన్నరు గూడ."

"ఇని ఎందుకు ఊకున్నరు?"

"ఏమో. బద్ధకం."

"అడిగినవా?"

మూడు రోజులుగా కోడ్‌ను రెండుసార్లు, మూడుసార్లు, నాలుగుసార్లు చదివాను. ఎదురింటి మనిషిని ఒక్కసారి కూడా అడగలేదు. నాయన అంతా వింటూ దుకాణం బెంచీ మీద మోకాలు రుద్దుకుంటూ కూర్చున్నాడు.

ఏప్రిల్ 21, సోమవారం

ఈస్టర్ కూడా దాటించాను. ఇవాళ ఇక తప్పదని ధనలక్ష్మి అక్క అరుగు మీదికి పోయాను. తిడుతుందనుకున్నాను. స్టూలు జరిపి కూర్చోమంది.

"అక్కా, ఆ దినం డబ్బ మొత్తుకున్నది నీకు వినబడలేదా?"

"ఎందుకు వినబడలే! చెవులు పోతయేమో అనుకున్న. ఒకటే ఒర్లుడు."

"మరి ఎందుకు ఆపలే?"

ఆమె మిషన్ ఆపి నా ముఖంలోకి చూసింది. నిజంగానే ఆమెకు నా ప్రశ్న అర్థం కాలేదు.

"ఏంది ఆపేది? అదే చెప్తుండె గద, మోటర్ బంద్, మోటర్ బంద్ అని. బంద్ అయినదాన్ని మల్ల నేనేంది బంద్ జేసేది?"

ఆమె మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

"పొద్దుగాల కరెంటు బంద్ అంటరు. నిన్న అయిజ బస్సు బంద్ అన్నరు. మొన్న బడి బంద్ అన్నరు. నేను పోయి బడికి తాళమేసి వచ్చిన్నా? నేనైతే సంతోషపడ్డ. ఎస్తేరు సదువుకున్న పిల్ల గద, డబ్బనే బంద్ జేసి, బంద్ అయిందని మనకు చెప్తుంది, సామ్యూలన్నకు కుంటుకుంట ఉరికే బాధ తప్పింది అనుకుంట జాకెట్టు కుట్టుకున్న."

వచ్చేశాను. దారిలో ఎవరైనా పలకరించారేమో గుర్తులేదు.

నాయనతో మూడుసార్లు టెస్టు చేశాను. నాయనకు ముందే తెలుసు. డబ్బా "బా" అని అరిచినా వచ్చి ఆపేవాడు. తెలియని మనిషితో ఒక్కసారి కూడా చూడలేదు. బద్ధకం అన్నాను ఆమెను. నాకు సిగ్గుగా ఉంది. ఎంత సిగ్గంటే, ఎవరూ చదవని ఈ పుస్తకంలో రాయడానికి కూడా చెయ్యి ఆగుతోంది.

ఏప్రిల్ 22, మంగళవారం

ఒక్క "చెయ్యి". పద్దెనిమిది రోజుల బ్యాటరీ.

ఏప్రిల్ 24, గురువారం

ఏడవడం అయిపోయింది. డబ్బాను తీసి పారేస్తే అది తప్పుడు డబ్బాగానే మిగిలిపోతుంది. పారేయను. మళ్లీ మాట్లాడిస్తాను, ఈసారి ఊళ్లో మనుషులు పిలుచుకున్నట్టు.

బోరు గది దగ్గర మాట చెబితే చాలదు, పిలవాలి. వార్తలాగా వినిపిస్తే అందరూ విని ఊరుకుంటారు. పిలుపైతే ఎవరో ఒకరు లేస్తారు. అందుకే అమ్మను పట్టుకున్నాను. మిరపచేనుకు కూలికి పోయి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది.

"అమ్మా, బోరుల నీళ్లు అయిపోయినయని నీకు తెల్సిందనుకో. నాయినను ఎట్ల పిలుస్తవో అట్లనే ఈ ఫోన్ల పిలువు. సామ్యూల్ అని పేరుతోని మొదలువెట్టు."

"థూ! మొగని పేరు నోటితోని అంటరా? అది గూడ మైకులనా, ఊరంత వినంగనా?"

మరిచేపోయాను. ఇరవై తొమ్మిదేళ్లలో అమ్మ ఆ పేరు పలకలేదు. కుటుంబ ప్రార్థనలో సమూయేలు గ్రంథం వస్తే బైబిలు నా చేతికిస్తుంది. ఆధార్ కార్డు ఆఫీసులో భర్త పేరు అడిగితే పక్కవాళ్ల వైపు చూసింది.

ఎంత బతిమాలినా వినలేదు. చివరికి చేతులు తుడుచుకుని, ఫోన్ వైపు కూడా చూడకుండా, బయటికి తిరిగి ఒక్క కేక పెట్టింది.

"ఓ ఎస్తేరు నాయినా! బోరుల నీళ్లు లేవు! ఉరుకు, మోటర్ బంద్ జెయ్యి!"

పక్కింటి కుక్క లేచి నిలబడింది. ఒకే టేకు. నా గొంతు పదిహేడు సార్లు మొత్తుకున్నా రాని తొందర ఆమె ఒక్క కేకలో ఉంది.

కానీ అందులో నా పేరుంది. రెండు నెలలుగా ఎవరూ ఏమీ అడగకుండా ఉండాలని పొద్దున ఐదింటికే నడిచి వస్తున్నాను, ఫంక్షన్లకు తలనొప్పి అంటున్నాను. ఇప్పుడు నా పేరు రోజుకు ఐదుసార్లు మైకులోనా? పేరు మాత్రం కోసి చూశాను. "నాయినా, బోరుల నీళ్లు లేవు" అని మిగిలింది. దానికి ఊళ్లో సగం మంది మగవాళ్లు పలకొచ్చు. మళ్లీ అతికించాను.

ఏప్రిల్ 26, శనివారం

నాయన సంచిలో కాగితం దొరికింది. "నా నిర్లక్ష్యం వలన మోటరు కాలినది, ఇందులో నా కూతురికి గాని, ధనలక్ష్మికి గాని సంబంధం లేదు" అని ఎవరితోనో రాయించుకున్నాడు. కింద ఆయన సంతకం, మూడు అక్షరాలూ ఒకదానికొకటి దూరం దూరంగా.

"ఇది ఇస్తే నీ పని పోతది నాయినా."

"పోతే పోనీ. నీ పేరు ఎందుకు ఖరాబు గావాలె? నీకు కంపెనీ ఉన్నది, రేపు వాళ్లకు తెలిస్తే మంచిగుండదు."

నాకు కంపెనీ ఉన్నదట. లేని కంపెనీని కాపాడటానికి ఆయన మళ్లీ పుణే పోతాడట. అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. కాగితం చింపబోతే చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరం అన్నం తినలేదు.

ఏప్రిల్ 28, సోమవారం

మొత్తం రాస్తాను.

పొద్దున పదింటికి పంచాయతీ ముందు టెంటు కింద యాభై, అరవై మంది. నరేందర్ సార్ కుర్చీలో. నాయన మోకాలు వంగదు కాబట్టి మెట్టు మీద కూర్చున్నాడు. కాగితం జేబులోంచి బయటికి కనబడుతోంది. సార్ మొదలుపెట్టాడు. "సామ్యూల్ డ్యూటీ మీద లేడు. ఆడమనిషికి అప్పజెప్పి పోయిండు. ఆమె పట్టించుకోలే." ధనలక్ష్మి అక్క తల వంచుకుంది. నాయన లేవబోయాడు.

"నువ్వు కూసో నాయినా" అని నేను లేచాను.

"డబ్బ నాది. తప్పు నాది. మా నాయినది గాదు, అక్కది గాదు."

వెనక నుంచి ఎవరో నవ్వారు. "కంపెనీల గూడ గిట్లనే కాలవెడ్తవా?"

"కంపెనీ నన్ను తీసేసింది. రెండు నెలలు దాటింది. ఇంకేమన్న అడిగేదుంటే అడుగుండ్రి" అన్నాను.

నవ్వు ఆగింది. అమ్మ ఆడవాళ్ల మధ్యలో ఉంది. ఆమె వైపు చూస్తే మాట ఆగిపోతుందని చూడలేదు. సంచిలోంచి డబ్బా తీసి సార్ బల్ల మీద పెట్టాను.

"సార్, ముందుగాల మీరు వినుండ్రి. విన్నంక ఎక్కువ ఆలోచన జెయ్యొద్దు, మీకేం అర్థమైందో అది చెప్పుండ్రి."

మీట నొక్కాను. నా గొంతు. "మోటర్ బంద్."

"ఏమైంది సార్ మోటరు?"

"ఏమయ్యేదేంది? బంద్ అయింది" అన్నాడు సార్.

అన్న తర్వాత ఆయనకు తెలిసింది. పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. టెంటు కింద గోల మొదలైంది. బంద్ అయిందని కొందరు, కాదు బంద్ చెయ్యమని కొందరు, ఒకే ఇంట్లో మొగుడూ పెళ్లాలే చెరొక మాట. ధనలక్ష్మి అక్క మాత్రం తల ఎత్తి సార్ వైపే చూస్తోంది. "నేను గూడ అదే అనుకున్న సారూ" అంది, మెల్లగా, అందరికీ వినబడేటట్టు.

"అదే సార్" అన్నాను. "బంద్ జెయ్యి అనాలె. బ్యాటరీ మిగులుతదని 'జెయ్యి' నేను తీసేసిన. విన్నోళ్లు అందరు కరెక్టుగనే విన్నరు. చెప్పుడే నేను తప్పు చెప్పిన. ఇప్పుడు కొత్తది వినుండ్రి."

ఈసారి మైకు తగిలించాను.

"ఓ ఎస్తేరు నాయినా! బోరుల నీళ్లు లేవు! ఉరుకు..."

నాయన లేచాడు. మెట్టు మీద నుంచి ఒక్క ఉదుటున లేచి, బోరు గది వైపు రెండడుగులు వేశాడు. మూడో అడుగులో ఎక్కడున్నాడో తెలిసి ఆగాడు. జేబులోని కాగితం కింద పడింది. టెంటంతా పడీపడీ నవ్వింది. అమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నరేందర్ సార్ కూడా నవ్వాడు, నవ్వొద్దనుకుంటూనే.

"సరే, సామ్యూల్ ఉండనీ. డబ్బ గూడ ఉండనీ" అన్నాడు. "ఆ పాత మాట మాత్రం తీసెయ్యమ్మా."

కింద పడ్డ కాగితం నేను తీసుకున్నాను. ఈ పుస్తకంలోనే పెట్టాను.

ఇంటికి వచ్చాక అమ్మ రొట్టెలు చేస్తూ అంది, "నాకు ఎప్పుడో తెల్సు. రెండు నెలలాయె నువ్వు ఫోన్ల ఇంగ్లీషుల మాట్లాడక."

"మరి అడగలే ఎందుకు?"

"చెప్తవు గద అని."

అప్పుడు ఏడ్చాను. అమ్మ పెనం మీద రొట్టె మాడనివ్వలేదు, నన్ను ఆపనూ లేదు.

మే 11, ఆదివారం

గోవిందు అన్న కొత్త తీగ చుట్టి ఇచ్చిన మోటరు మళ్లీ బోరులో తిరుగుతోంది. ఇవాళ చర్చి నుంచి వస్తుంటే కూడా వినబడింది. "ఓ ఎస్తేరు నాయినా!" ధనలక్ష్మి అక్క అరుగు దిగింది, ఇంకో ఇద్దరు కూడా లేచారు, నాయన చేరేలోపే మోటరు ఆగింది. "ఇంట్ల మీ అమ్మ ఒర్లేది సాలదని మైకు గూడ వెట్టినవా" అని నాయన ఊరంతా తిరిగి ఫిర్యాదు చేస్తున్నాడు. రోజుకు ఐదుసార్లు నా పేరు కాలనీ మీదుగా పోతుంది. ఇప్పుడు పొద్దెక్కాకే నడవడానికి పోతున్నాను. ఏం పని చేస్తున్నావని అడిగితే, వెతుక్కుంటున్నా అంటాను.

బ్యాటరీ నెల తిరక్కుండానే అయిపోయేలా ఉంది. ఏ ట్యుటోరియల్‌లో చూపించినా ఇది తప్పే అంటారు. అననీ. అయిపోతే మారుస్తాను. మనుషులకు చెప్పే మాటలో పొదుపు చేయను. డబ్బా మీది నల్ల టేపు కూడా పీకేశాను. కంపెనీ పేరు కనబడితే కనబడనీ, డబ్బా మాత్రం మాది.

నిన్న నా ట్యుటోరియల్ పూర్తయింది. తెల్లటి బల్ల లేదు. బోరు గది మెట్లు, నా గోళ్ల కింద మట్టి, వెనక బిందెల చప్పుడు; చెప్పిందంతా మా ఊరి మాటల్లోనే. ఎర్ర లైటు గీకడం చూపించాను. మాడిన రాగి చుట్ట కెమెరా ముందు పెట్టి, "జెయ్యి" సంగతి చెప్పాను. జస్ట్ అనే మాట ఒక్కసారి కూడా అనలేదు.

మొత్తం ఇరవై రెండు నిమిషాలు. పద్నాలుగో నిమిషంలో మోటరు కాలిపోతుంది. కట్ చేయలేదు.